ఋతుసంధి దుస్తులు

మన యిండ్లలో ఏ యిల్లాలి బీరువా తెఱచి చూచినను రెండు తెగల చీరలు కనబడును. పెండ్లికి, పండుగకు కట్టుకొని, మరల మడతపెట్టి, తెల్లని గుడ్డలో చుట్టి దాచునవి కొన్ని. పది దినముల కొకసారి కట్టి, ఉతికి, ఆఱవేసి, మరల కట్టుకొనునవి కొన్ని. మొదటివానిని చూచి చుట్టపక్కములు మెచ్చుకొందురు. రెండవవానితో మనము కాపురము చేయుదుము. అయినను కొట్టునకు పోయినప్పుడు మన కన్ను మొదటివానిమీదనే నిలుచును. రెండవవానిని గూర్చి ముచ్చటించువారు అరుదు.

ఈ భేదము మన దేశమునకే చెందినది కాదు. పారిసు, మిలాను, లండను, న్యూయార్కు నగరములలో పేరుగన్న డిజైనర్లు, అనగా దుస్తుల రూపకర్తలు, ఏటేట వెలువరించు వస్త్రశ్రేణులయందును ఇట్టి భేదమే కలదు. ఆ నగరముల ప్రదర్శనములను పటములలో చూచినవారికి, వీధిలో ఎవరును ధరింపజాలని విడ్డూరపు దుస్తులే జ్ఞప్తికి వచ్చును. కాని ఆ గొప్ప ప్రదర్శనములకు నడుమ, రెండు ఋతువుల సంధిలో, మఱియొక తెగ దుస్తులు చడిచప్పుడు లేక అంగళ్లకు చేరుచుండును. వానిని క్రూయిజు శ్రేణియనియు, రిసార్టు శ్రేణియనియు, ప్రీఫాల్ శ్రేణియనియు పిలుతురు. మేము వానిని ఋతుసంధి దుస్తులని వ్యవహరింతుము. డబ్బిచ్చి కొనువారి మనస్సు నెక్కువగా లాగుకొనునవి ఇవియే. ఆ యాకర్షణకు కారణమేమి, అందు మేలెంత, మోసమెంత యని విచారింపదలచితిమి.

ముందుగా ఆ వర్తకుల పంచాంగము తెలియవలెను. వారికి ఏటికి రెండు పెద్ద పండుగలు. ఫిబ్రవరి, మార్చి నెలలలో శరత్కాలమునకును శీతకాలమునకును తగిన దుస్తులు ప్రదర్శింతురు. అవి జూలై మొదలుకొని అంగళ్లకు వచ్చును. సెప్టెంబరు, అక్టోబరు నెలలలో వసంతమునకును వేసవికిని తగినవి ప్రదర్శింతురు. అవి జనవరి మొదలుకొని వచ్చును. చూపుటకును అమ్ముటకును నడుమ ఇన్ని నెలలు పట్టుటకు కారణము సులభము. ప్రదర్శనము చూచి అంగడివారు కావలసినవి వ్రాసికొని పోవుదురు. ఆ పిమ్మటనే గుడ్డ తెప్పించుట, కత్తిరించుట, కుట్టుట జరుగును. దీనివలన ఒక వింత యేర్పడినది. జూలై యెండలో అంగడికి పోయినచో ఉన్నికోట్లు వ్రేలాడుచుండును. జనవరి మంచులో పోయినచో చేతులులేని పలుచని గౌనులు పలుకరించును.

ఈ రెండింటి నడుమ ఖాళీని పూరించునవి ఋతుసంధి శ్రేణులు. క్రూయిజు శ్రేణిని సాధారణముగా మే, జూను నెలలలో చూపుదురు. అది నవంబరు నుండి అంగడిలో ఉండును. ప్రీఫాల్ శ్రేణిని, అనగా శరత్తునకు ముందు వచ్చుదానిని, సాధారణముగా నవంబరు మొదలు జనవరి లోపల వర్తకులకు చూపుదురు. అది మే, జూను నెలలలో అమ్మకమునకు వచ్చును.

వీని పుట్టుక కలవారి విహారయాత్రలలో నున్నది. ఐరోపా యందును అమెరికా ఉత్తరభాగమునందును శీతకాలము మిక్కిలి దుర్భరము. పందొమ్మిదవ శతాబ్దమున కలవారు ఆ చలిని తప్పించుకొనుటకు దక్షిణమునకు పోవ నారంభించిరి. ఫ్రాన్సు దేశపు దక్షిణతీరమగు రివియేరా ఆ కాలమున శీతకాలపు విడిదియే. వేసవిలో అచ్చటి పెద్ద హోటళ్లు చాలవఱకు మూతపడెడివి. 1922లో కలే రేవునుండి ఆ తీరమునకు విలాసవంతమైన రైలుబండి నడువసాగెను. పెట్టెల రంగునుబట్టి జనులు దానిని నీలి రైలని పిలిచిరి. అమెరికాలో హెన్రీ ఫ్లాగ్లరు 1894లో ఫ్లారిడా తీరమున పామ్ బీచియందు గొప్ప హోటలు తెఱచుటతో ఉత్తరపు నగరముల ధనికులకు అదియొక శీతకాలపు నెలవయ్యెను. మఱికొందఱు ఓడలెక్కి వెచ్చని దీవులు చుట్టి వచ్చుచుండిరి. అట్టి ఓడవిహారమునకే ఇంగ్లీషున క్రూయిజని పేరు.

ఈ ప్రయాణికురాండ్రకు ఒక చిక్కు వచ్చెను. బయలుదేరు వేళకు ఊరి అంగళ్లనిండ ఉన్నిబట్టలే. చేరబోవు చోట సముద్రపుగాలి, వెచ్చని యెండ. ఓడ మెట్లెక్కవలెను, ఇసుకలో నడువవలెను, పెట్టెలో మడచినది నలుగక బయటికి రావలెను. నడుము బిగించి నేలవ్రేలు ఆనాటి దుస్తులలో ఇవియేవియు సాగవు. గేబ్రియెల్ షనెల్ అను వనిత 1913లో దోవిల్ అను తీరపట్టణమునను, 1915లో బియారిట్జ్ పట్టణమునను దుకాణములు తెఱచి ఈ చిక్కునకు విరుగుడు చూపినది. అంతకుముందు మగవారి లోదుస్తులకు వాడుచుండిన జెర్సీ యను అల్లికబట్టను తీసికొని, ఒడలికి హాయిగా నుండి, చేతులాడి, నడక సాగు దుస్తులు ఆమె కుట్టించెను. 1924లో ఝాఁ పతూ అను రూపకర్తయు ఆ రెండు పట్టణములలోనే దుకాణములు పెట్టి తీరవిహారపు దుస్తులు అమ్మెను. సముద్రతీరమున అలవాటైన ఆ హాయి క్రమముగా నగరమునకును వచ్చెను. విడిదిలో వేసికొనునది ఇంటికడ వేసికొనగూడదా యని స్త్రీలు తమ్ము తామే ప్రశ్నించుకొనిరి.

ఋతుసంధి దుస్తుల యాకర్షణకు మూలమిదియే. ఇవి చూచువారి కొఱకు గాక వేసికొనువారి కొఱకు పుట్టినవి. శీతకాలపు ఓడలెక్కు ఆచారము తఱిగినను దుస్తులు నిలిచినవి. 1983లో షనెల్ సంస్థకు రూపకర్తయై వచ్చిన కార్ల్ లాగర్‌ఫెల్డ్ ఈ శ్రేణికి మరల ప్రాముఖ్యము తెచ్చెను. ఇప్పుడు పేరుగల సంస్థలలో ఇట్టి శ్రేణి లేనివి తక్కువ.

వీని గుణములను కొంచెము వివరింతుము. మొదటిది బట్ట. పలుచని ఉన్ని, నూలు, పట్టు, సన్నని అల్లికబట్ట, అస్తరులేని కోటు, వీనిని ఒకదానిపై నొకటి వేసికొనవచ్చును, వేడియైనచో తీసివేయవచ్చును. రెండవది కత్తిరింపు. గొప్ప ప్రదర్శనమునందు రూపకర్త తన యూహను చాటవలెను గనుక భుజము కొండవలె లేపును, చేయి నేలకు జీరును. సంధి శ్రేణిలో అదే యూహ నెమ్మదించి, కార్యాలయమునకును, విందునకును, ప్రయాణమునకును పనికివచ్చు తీరున దిగివచ్చును. మూడవది కాలము. నవంబరులో వచ్చిన దుస్తు మరుసటి జూను వఱకు పూర్తివెలకే అమ్ముడుపోవుచుండును. పెద్ద ఋతువు దుస్తునకు ఆ భాగ్యము లేదు. అది వచ్చిన కొలది నెలలకే తగ్గింపు వెలల బల్లమీదికి పోవును. నాలుగవది వెల. ప్రదర్శన వేదిక నెక్కిన దుస్తుకంటె ఇది సాధారణముగా ఒకింత చౌక. అయినను పేరుమోసిన సంస్థల దుస్తు వెల మన మధ్యతరగతి సంసారమున కొన్ని నెలల ఖర్చని మఱువరాదు.

ఇంకొక కారణము భూగోళమునకు సంబంధించినది. నాలుగు ఋతువుల లెక్క పారిసున పుట్టినది గాని, ఆ దుస్తులు కొనువారందఱు పారిసున లేరు. భూమధ్యరేఖకు దక్షిణమునగల ఆస్ట్రేలియాలో నవంబరన్న వేసవి ముంగిలి. సింగపూరున ఏడాది పొడుగున ఉక్కయే. దుబాయివంటి చోట్ల బయట మండుటెండ, గదిలో శీతలయంత్రపు చలి. ఉద్యోగములవలన అట్టి చోట్ల కాపురమున్న మన తెలుగు ఆడపడుచులకు ఈ బాధ తెలియును. అచ్చట మందపు ఉన్నికోటు నిరర్థకము. పలుచని పైవస్త్రమొకటి చేతనుండిన ఏడాదియంతయు గడచును. వేడిదేశముల వారికి ఆ వర్తకుల పంచాంగమునంతటిలో బాగుగ పొసగు శ్రేణి క్రూయిజు శ్రేణియే.

ఇక వర్తకుని వైపు చూతము. పటములలో అచ్చగునది పెద్ద ప్రదర్శనము, డబ్బా నింపునది సంధి శ్రేణి. పెద్ద అంగళ్లవారు దుస్తులు కొనుటకు కేటాయించు సొమ్ములో సగమునకు మించి ఈ శ్రేణులకే పోవునని ఆ వ్యాపారమున ప్రసిద్ధి. అందొక నేర్పు కూడ నున్నది. మనకు ఆషాఢమాసమున పెండ్లిండ్లుండవు, కొట్లు వెలవెలబోవును. అందుచే వర్తకుడు పాతసరకునకు వెల తగ్గించి మనలను పిలుచును. పడమటివాడు ఆ ఖాళీ నెలను వేఱువిధముగ వాడుకొనెను. వెనుక గోడకడ పాతసరకు తగ్గింపు వెలకు అమ్ముచునే, ముందు గుమ్మముకడ క్రొత్తసరకును పూర్తివెలకు నిలిపెను. తగ్గింపు కొఱకు లోనికి వచ్చినామె క్రొత్తది చూచి ఆగును. ఋతువు మధ్యలో ఎప్పుడు పోయినను ఏదో యొక క్రొత్తది కనబడునను నమ్మకము ఆమెను మరల మరల తెచ్చును. మేము మొదట చెప్పిన మేలుతోబాటు ఈ మోసమును గుర్తింపవలెను. సౌకర్యము కొఱకు పుట్టినది ఆశను పెంచు సాధనము కూడ నైనది.

సొమ్ము ఎచ్చట నున్నదో ఆర్భాటము అచ్చటికి పోవుట లోకసహజము. కడచిన యిరువది యేండ్లలో ఈ చడిచప్పుడు లేని శ్రేణులే ఖండాంతర ప్రదర్శనములైనవి. పెద్ద ప్రదర్శనములు ఆయా నగరములకు కట్టుబడి యుండును. సంధి శ్రేణికి అట్టి కట్టుబాటు లేదు గనుక సంస్థలు దానిని తమకు తోచిన చోటికి తీసికొనిపోయినవి. 2016 మే నెలలో షనెల్ సంస్థ క్యూబా రాజధాని హవానాలో ప్రాదో యను రాజవీథిలో తన క్రూయిజు శ్రేణిని నడిపించెను. 2017లో లూయీ విట్టన్ సంస్థ జపానులో క్యోటో సమీపమున కొండలలోనున్న మిహో మ్యూజియమున ప్రదర్శించెను. 2019లో గుచ్చి సంస్థ రోమునగరపు కాపిటోలిను మ్యూజియమున ప్రదర్శించెను. ఒక్క సాయంకాలమునకై వందలకొలది అతిథులను విమానములలో తెప్పింతురు. ఓడప్రయాణమునకు తేలికగా నుండవలెనని పుట్టిన దుస్తునకు ఇంత బరువైన ఊరేగింపు ఏల యను ప్రశ్న న్యాయమే.

కాని అట్టి యూరేగింపొకటి మన దేశమునకు వచ్చినప్పుడు మేము వేఱొకటి గమనించితిమి. 2023 మార్చి 30వ తేదీని డియోర్ సంస్థ తన ప్రీఫాల్ శ్రేణిని బొంబాయిలో గేట్‌వే ఆఫ్ ఇండియా ముందర ప్రదర్శించెను. ఆ మహాద్వారమునకు మన గుమ్మముల తోరణమును పోలిన బ్రహ్మాండమైన కుట్టుపని తోరణము కట్టిరి. దానిని కుట్టినవారు బొంబాయి నగరపు చాణక్య కర్మశాల పనివారు. అప్పటి డియోర్ రూపకర్త మరియా గ్రాజియా క్యూరి ఆ కర్మశాలతో ఎన్నో యేండ్లుగా కలసి పనిచేసినామె. దానికి అనుబంధముగ నొక విద్యాలయము స్త్రీలకు కుట్టుపని నేర్పుచున్నది. బొంబాయిలో ఈ పనికి కూర్చుండువారు తరతరములుగ ఎక్కువగా మగవారే గనుక ఈ విషయము చెప్పదగినది.

ఇందలి విశేషమేమనగా, కఱ్ఱచట్రమునకు గుడ్డ బిగించి, కొక్కెపుసూదితో పూసలు, జరీ, మెఱుపుబిళ్లలు కుట్టు ఈ పని మనకు క్రొత్త కాదు. మన యూళ్లలో రవికెలమీద మగ్గంపని యని చేయించుకొనునది దీని చెల్లెలే. పారిసు సంస్థలు ఎంతోకాలముగ ఇట్టి పనిని భారతదేశపు కర్మశాలలలో చేయించుకొనుచున్నవి. అయినను దుస్తుమీద పారిసు పేరే యుండెడిది, కుట్టినవాని యూరు ఎవరికిని తెలియదు. 2011 డిసెంబరులో షనెల్ సంస్థ పారిస్-బాంబే యను పేర మన దర్బారుల వైభవమును తలపించు శ్రేణిని చూపినప్పుడు ఆ ప్రదర్శనము పారిసుననే జరిగెను. పండ్రెండేండ్లు గడువకముందే డియోర్ తోరణము బొంబాయిలో, కుట్టినవారి యూరిలోనే, కుట్టినవారి పేరుతో లేచినది. పేరు చెప్పినంతమాత్రాన కూలి పెరుగదు. ఆ చట్రముకడ వంగి కూర్చున్న వాని నడుము నొప్పి తఱుగదు. అయినను పేరు చెప్పుట తొలిమెట్టు. పేరు తెలిసిన పిమ్మటనే కూలి యెంతయని యడుగగలము.

ఆర్భాటము పెరిగిన కొలది తొందరయు పెరిగినది. ఏటికి రెండు శ్రేణులు గీయవలసిన రూపకర్త నాలుగు, ఆఱు గీయవలసివచ్చెను. 2015 అక్టోబరులో రాఫ్ సిమన్స్ డియోర్ సంస్థను విడిచినప్పుడు, తలంపు పండుటకు వ్యవధియే లేకపోయెనని ఆయన చెప్పిన మాట చాలమందిని ఆలోచింపజేసెను. 2020లో మహమ్మారి ప్రబలి అంగళ్లు మూతపడినప్పుడు జార్జియో అర్మాని యొక బహిరంగలేఖ వ్రాసి, నడి చలికాలమున నారబట్టలును, నడివేసవిలో ఉన్నికోట్లును అమ్ముట యుక్తముకాదని వాదించెను. అదే వత్సరము మే నెలలో గుచ్చి సంస్థ రూపకర్త అలెసాండ్రో మికెలె ఏటికి అయిదు ప్రదర్శనములు మాని రెండే చేయుదునని ప్రకటించెను. ఇక తొందర తగ్గునని అనేకులు సంతోషించిరి. కాని 2022లోనే గుచ్చి సంస్థ ఇటలీలో కాస్తెల్ దెల్ మోంతె యను కోటకడ మరల సంధి ప్రదర్శనము జరిపెను. లాభమిచ్చు అలవాటును ప్రతిజ్ఞతో మాన్పుట యెంత కష్టమో దీనివలన తెలియును.

ఈ చరిత్రవలన మనకు కలుగు ప్రయోజనమేమి? ఆ సంస్థల గౌనులు మనలో కొనువారు స్వల్పము. కాని వాని కత్తిరింపులు, రంగులు కొలది వారములలో అనుకరణములై, చౌకరకములై మన బజారులకును, చేతిలోని ఫోనులకును వచ్చుచున్నవి. ఋతువు మధ్య క్రొత్తదనమను ఎర కూడ వానితోబాటే వచ్చినది. కావున ఆ దుస్తులలోని మంచిగుణమును గ్రహించి ఎరను విడుచుట మన పని. అందులకు మేము మా యింట అనుసరించు నాలుగు ప్రశ్నలు చెప్పుదుము.

మొదటి ప్రశ్న, దీనిని ఎన్నిసార్లు కట్టుదుము? పదివేల రూపాయల పట్టుచీర రెండుసార్లు కట్టినచో కట్టు ఒక్కింటికి అయిదువేలు. రెండువేల నేతచీర నలుబదిసార్లు కట్టినచో కట్టు ఒక్కింటికి యేబది. పండుగకు పట్టుచీర వలదని మేమనము. లెక్క తెలిసి కొనుటయే మేలు.

రెండవ ప్రశ్న, లోపల నెట్లున్నది? రవికెగాని పిల్లల గౌనుగాని తిరుగవేసి చూడుడు. ప్రక్కకుట్లలో గుడ్డ వదలిరా, ఒళ్లు చేసినప్పుడు విప్పుకొనవచ్చునా, అస్తరు పైబట్టతోబాటు ఉతుకునకు ఆగునా యని చూడుడు. పైమెఱుగు అందఱకు కనబడును, మన్నిక కుట్టులో నుండును.

మూడవ ప్రశ్న, ఇంట నున్నవానితో పొసగునా? ఒక్క చీరకై క్రొత్త రవికె, క్రొత్త లంగా, క్రొత్త చెప్పులు కావలసివచ్చినచో అది ఒక్క చీర కాదు. ఉన్న మూడు రవికెలతో నడచునది నిజమైన సంధి వస్త్రము.

నాలుగవ ప్రశ్న, దీనిని చేసినవారెవరు? నేతగాని, మగ్గంపనిగాని, అద్దకముగాని, చేసిన యూరి పేరు చెప్పుమని అంగడివానిని అడుగుడు. చెప్పగలిగినచో సంతోషింపుడు. చెప్పలేనిచో అడిగితిమన్న మాట అతనికి గుర్తుండును. పదిమంది అడిగిన పిమ్మట తెలిసికొని యుంచును.

మన దేశమున హేమంతము రెండు దుప్పట్లతో గడచును, గ్రీష్మము సగము సంవత్సరము నుండును. మన పెద్దమ్మలు వేసవికి సన్నని నేత, వానలకు త్వరగా ఆఱునది, మాఘపు తెల్లవాఱుజామునకు మందపు చీర యని, ఏ రూపకర్త చెప్పకయే ఏర్పఱచుకొనిరి. షనెల్ వనిత సముద్రతీరమున కనిపెట్టినదానిని వారు బావికడ, పొయ్యికడ ఎఱిగిరి. వేసికొన్న గుడ్డ మనలను పనిచేయనీయవలెను, కూర్చుండనీయవలెను, ఊపిరి పీల్చనీయవలెను.

సోదరీమణులారా, ఈసారి బీరువా సర్దునప్పుడు పట్టుచీరల మూటను కొంతసేపు ప్రక్కనుంచి, అంచులు వెలసి, మెత్తబడి, మీ ఒడలికి అలవాటైన ఆ దినకట్టు చీరలను చేత పట్టి చూడుడు. అందు ఏది పదేండ్లు నిలిచినది, ఏల నిలిచినది, ఎవరు నేసినది యని తలపోయుడు. రాబోవు చీర కొనుటకు అంతకంటె మంచి గురువు ఏ ప్రదర్శనమునందును దొరకదు.